వాల్వు తిప్పిన చెయ్యి

ఆ ఉదయం నాలుగో బోరు దగ్గర మనుషులు అయిదుగురు. మా ప్లాంటు మేనేజరు, ఆయన జీపు దిగలేదు. షిఫ్టు ఇన్‌ఛార్జి. పక్క పొలం పెద్దావిడ. ఆమె మరిది. నేను. ఇక వస్తువులు: భూమి లోపల నడుస్తున్న ఒక మోటారు, అది కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. ప్లాంటుకు పోయే గొట్టం మీద ఒక చక్రం వాల్వు. బోరు కడగడానికి పెట్టిన పక్క గొట్టం మీద, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ఇంకో చక్రం వాల్వు, తుప్పుతో. ఒక పైపు రెంచి. నా చేతిలో నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు. ఆమె భుజం మీద తువ్వాలు, కాళ్ల దగ్గర పార. గట్టు కింద పొట్ట మీదున్న వరి, ముక్కాలెకరం.

లేనిది ఒక్కటే. మా పై ఆఫీసు నుంచి రావలసిన అనుమతి.

నేను రిటైరైన మనిషిని కాను. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. రిటైరైంది మా ప్లాంటు. ఇప్పుడు దాని గేటుకు తాళం ఉంది, లోపల కుక్కలు పడుకుంటున్నాయి. అది నడిచిన రోజుల్లో నేను అక్కడ కెమిస్టుని, అంటే నీళ్లు చూసుకునేవాణ్ణి. ఇలాంటి చోట్ల కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి, కూలింగ్ టవరు గురించి ఏం చదవాలి అన్నా అని అడుగుతారు. పుస్తకాలు చెప్తాను. వాటిలో లేని ఒక పని గురించి ఇది.

మాది పుదుచ్చేరిలో ఒర్లియంపేట. ఇంట్లో తరాలుగా తెలుగే మాట్లాడతాం, రాయడం మాత్రం ఎవరికీ రాదు. తిరుపతిలో ఇంజనీరింగు చదివిన నాలుగేళ్లలో బస్సుల బోర్డులు కూడబలుక్కుని నేను నేర్చుకున్నాను. ఈ సంగతిలో ఉన్నవాళ్లెవరూ దీన్ని చదవలేరు. తప్పు రాస్తే దిద్దేవాళ్లు లేరు కాబట్టి మరింత జాగ్రత్తగా రాయాలి.

ప్లాంటు ఊరికి పడమర, విల్లియనూరు దాటాక ఉండేది. చిన్నది. గ్యాసు మండించి ఆవిరి చేసి, ఆవిరితో టర్బైను తిప్పి, ఆ ఆవిరిని మళ్లీ నీళ్లుగా చల్లార్చేవాళ్లం. చల్లార్చడానికి వేరే నీళ్లు కావాలి. అవి టవరు పైనుంచి కిందికి పడుతూ కొంత ఆవిరై పోతాయి. పోయేది నీరే, అందులో ఉన్న ఉప్పు పోదు. పొయ్యి మీద చారు మరిగే కొద్దీ ఉప్పెక్కినట్టు మిగిలిన నీళ్లు చిక్కనవుతాయి. అందుకని చిక్కబడ్డ నీళ్లు కొన్ని పారబోసి, బోరు నుంచి కొత్త నీళ్లు కలుపుతాం. ఎంత పారబోయాలి, ఎంత కలపాలి అన్నదే నా ఉద్యోగం. పారబోయకపోతే గొట్టాల లోపల తెల్లటి పొర కడుతుంది, వేడినీళ్ల గిన్నెలో కట్టినట్టు. పొర కడితే కరెంటు తగ్గుతుంది. ఈ కథకు ఇంత సాంకేతికం చాలు.

మాకు నాలుగు బోర్లు. మూడు ప్రహరీ లోపల. నాలుగోది బయట, పొలాల మధ్య. నీళ్లు ఎక్కువ వచ్చేది ఆ నాలుగోదే.

ఇక్కడ అయిప్పసి అనే ఆశ్వయుజం, కార్తీక మాసాల వానలు వరసగా రెండేళ్లు సరిగ్గా పడలేదు. చుట్టుపక్కల రైతుల మోటార్లలో నీళ్లు తగ్గాయి. వాళ్లు ప్లాంటు గేటు దగ్గర కూర్చున్నారు. అధికారులు వచ్చి, మా మీటింగు హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, ఒక ఒప్పందం కుదిర్చారు. పగలు రైతులు తోడుకోవాలి, రాత్రి ప్లాంటు తోడుకోవాలి. ఒకరి మోటారు ఆగినప్పుడే ఇంకొకరిది నడుస్తుంది కాబట్టి భూమికి తేరుకునే వ్యవధి ఉంటుంది. లెక్క సరైనదే. హాల్లో మా వాళ్లు తొమ్మిది మంది ఉన్నారు, అందరం ఇంజనీర్లమే, అందరం తలలూపాం. టీ, సమోసా ఇచ్చారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "సార్, గేటు దగ్గర ఒక ఆమె తిడుతోంది. నాతో తమిళంలో మాట్లాడుతోంది, తిట్టడం మాత్రం మీ భాషలో. ఏం తిడుతోందో తెలియక కోపం రావడంలేదు. మీరొచ్చి వినండి."

వెళ్లాను. అరవై దాటిన మనిషి. బురద ఆరిన కాళ్లు.

"ఎవురిని తిడతా ఉండావత్తా?" అన్నాను.

ఆమె ఆగి, నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీ మోటార్ని. మనుషుల్ని తిట్టి ఏం లాబం. మనోడివా నువ్వు? యాడ మీ ఇల్లు?"

"ఒర్లియంపేట."

"ఎవురి పిల్లోడివి?"

మా నాయన పేరు, తాత పేరు, అమ్మ పుట్టిన ఊరు అన్నీ అడిగింది. ఎక్కడా చుట్టరికం కలవలేదు. "పోనీలే. ఏదో ఒక పక్క కలస్తాది. రా, నా మోటారు చూపిస్తా. ముసలోడు దగ్గినట్ట దగ్గతా ఉండాది."

ఆమె పొలం మా నాలుగో బోరు గట్టు కిందే. ఇంటి కరెంటుతో మోటారు నడవదు, పొలాల లైనులో వచ్చే త్రీఫేజ్ కరెంటే కావాలి. పొద్దు పొడిచాక ఇంకో గంట ఉంటుందన్న కరెంటుతో ఆమె మోటారు వేసి చూపించింది. గొట్టంలోంచి గాలి, కొంచెం నీళ్లు, మళ్లీ గాలి. కింద వరి నిటారుగా, కాండం మధ్యలో ఉబ్బి ఉంది. రైతు ఇంట్లో పుట్టని నాకు కూడా ఆ ఉబ్బు ఏమిటో తెలుసు. లోపల వెన్ను తయారవుతోంది.

"ఎప్పటినుంచి ఇట్ట?"

"కరెంటు రాత్రికి మారినప్పట్నించీ."

"రాత్రికి మారేదేంది?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "పొలాల కరెంటు ఒక వారం పగలొస్తాది, ఒక వారం రాత్రొస్తాది గదా. తెల్లారి ఇంకో గంట ఉంటాది, అంతే. మీకు తెలీదా? మీరే గదయ్యా కరెంటు చేసేది."

నిజంగానే మాకు తెలియదు. తొమ్మిది మంది ఇంజనీర్లం కరెంటు తయారుచేసి లైనులోకి పంపుతూ, ఆ కరెంటు ఏ వేళకు పొలాలకు అందుతుందో అడగలేదు. రైతులు చెప్పలేదు, ఎందుకంటే మాకు తెలియకుండా ఉంటుందని వాళ్లకు తోచనే లేదు. వారం మారగానే ఇద్దరమూ ఒకే రాత్రి, ఒకే భూమిలోంచి తోడుకుంటున్నాం. మా బోరు లోతు, వాళ్లవి తక్కువ లోతు. ఎవరికి గాలి వస్తుందో చెప్పనక్కర్లేదు.

కంట్రోలు రూములో ఈ మాట చెప్తే షిఫ్టు ఇన్‌ఛార్జి పగలబడి నవ్వాడు. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద, సముద్రం ఒడ్డున సోలై నగర్ మనిషి, చేపలు పట్టే ఇంట్లోంచి వచ్చి డిప్లొమా చదివినవాడు. తమిళమే మాట్లాడతాడు. "ఈ సంగతి బయట చెప్పకు తంబి. నీకు పెళ్లి సంబంధాలు కూడా రావు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ రోజునుంచే మా మోటార్ల వేళలు పొలాల కరెంటు ప్రకారం మార్పించాడు. దానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కొన్నాళ్లు ఆమె మోటారు దగ్గడం తగ్గింది కూడా. కానీ ఎండ ముదిరింది. వేళలు ఎంత సర్దినా నీళ్లు పెరగవు. ఇద్దరికి సరిపోయేది లోపల లేదు, అంతే.

ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి మరిదిని వెంటబెట్టుకుని. ఆయనకూ పక్కనే చెరకు ఉంది. మనిషి చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. మాటలో మాత్రం పుల్లవిరుపు. "సారూ, మా వదిన కంపెనీ దగ్గర నీళ్లు తెస్తానని బిందె కూడా లేకుండా బయల్దేరింది. చూసి పోదామని వచ్చినా."

"నువ్వు ప్లాట్లోళ్లని చూసుకో, నేను నీళ్లని చూసుకుంటా" అంది ఆమె.

ప్లాట్ల సంగతి ఏమిటో దారిలో చెప్పింది. విల్లియనూరు రోడ్డు పక్కన నేలకు ఇప్పుడు ఇళ్ల స్థలాల వాళ్లు వస్తున్నారు. ఇద్దరి నేలా కలిపి అయితేనే తీసుకుంటారు. మరిది రెండేళ్లుగా అడుగుతున్నాడు. ఆమె భర్త పోయాడు, కొడుకు డ్రైవరు, కోడలు, ఇద్దరు మనవలు. "ఇంట్లో తిండికి పన్నెండు మూటలు కావాల. మంచిగా పండితే ఇరవై దాటతాది. ఈసారి పన్నెండు రాకుంటే నేల ఇచ్చేస్తానని మరిదికి మాటిచ్చినా. వొడ్లు కొనుక్కోని తినేదానికి పొలం ఎందుకు? వస్తే, ఇంక నన్ను అడగకూడదు. ఆ మాటా ఆయనిచ్చినాడు."

"పొట్ట మీద ఉండాది" అంది మళ్లీ. "గింజ పాలు పోసుకునేదాకా తడి ఉండాల. ఆ తర్వాత నీళ్లు లేకపోయినా నేను అడగను."

మేనేజరు మంచి మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. ఒక పరిష్కారం కూడా చెప్పాడు. టవరు నుంచి పారబోసే నీళ్లు రోజూ కాలువలోకి పోతున్నాయి కదా, అవి ఆమె పొలానికి మళ్లిస్తే సరి, వ్యర్థం కూడా వాడుకలోకి వస్తుంది. ఆయన ముఖం వెలిగింది. అందర్నీ కాలువ దగ్గరికి తీసుకెళ్లి, నేను మీటరు ముంచి అంకె చూపించాను. అప్పటికే ఆమె కాలువ దగ్గర వంగి, వేలు తడిపి నాలుకకు తాకించి ఉమ్మేసింది.

"ఉప్పుచేపలు కడిగిన నీళ్లు మాదిరి ఉండాది సార్" అంది తమిళంలో. మరిది మొదటిసారి నవ్వాడు.

ఇక మిగిలింది నాలుగో బోరు. ఆమె పంట పాలు పోసుకునేదాకా దాని నీళ్లు రోజూ కొంతసేపు ప్లాంటుకు రాకుండా పక్క గొట్టంలోంచి ఆమె కాలువకు పోవాలి. అది మేనేజరు చేతిలో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. "కంపెనీ తరఫున పై ఆఫీసుకు మెయిలు పెడతాను. అనుమతి రాగానే ఇచ్చేస్తాం" అన్నాడు.

"కంపెనీ అంటే ఎవురు సార్?"

"అంటే... మేమందరం."

"అందరికీ కలిపి చెయ్యి యాడ ఉంటాది?"

ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. బయటికి వచ్చాక వేప చెట్టు నీడలో నిలబడి ఆమె విడమరిచి చెప్పింది. వాళ్ల తాతల కాలంలో నాలుగు కుటుంబాలకు ఒక ఉమ్మడి బావి. వంతుల మీద తోడుకునేవాళ్లు. ఎవరి పైరైనా పొట్ట మీదుంటే, మిగతావాళ్లలో ఒకరు తన వంతు వదిలి ఇచ్చేవాడు. ఇచ్చేదానికి పద్ధతి ఉంది. ఇచ్చేవాడు సొంత చేత్తో తన మడవ, అంటే మడిలోకి నీళ్లు మళ్లే గండి, మూయాలి. సొంత చేత్తో అవతలివాడి మడవ తెరవాలి. నీళ్లు కడ మడి దాకా పారేవరకు గట్టు మీద నిలబడాలి. కూలివాణ్ణి పంపితే చెల్లదు, కబురు పెడితే చెల్లదు.

"ఎందుకట్ట?"

"ఒకప్పుడు ఒకాయన కబురంపినాడంట. పారే నీళ్లని మద్దెలో ఆపేసి, నేనియ్యలా, ఎవురన్నారు అన్నాడంట. పార తీసుకోని కొట్టుకున్నారు. అప్పట్నించీ మనిషి నిలబడాల." ఆ బావి ఎండి చాలాకాలమైంది. బోర్లు వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. కరెంటు వారానికోసారి మారినట్టే అది కూడా అందరికీ తెలిసిన విషయం, మాకు తప్ప.

"మెయిలంటే కబురే గదా నాయినా" అంది.

మెయిలుకు జవాబు రాలేదు. గుర్తుచేస్తూ ఇంకోటి పెట్టారు. దానికి, పరిశీలిస్తున్నాం అని వచ్చింది. వరికి పరిశీలన తెలియదు. కింది మడుల్లో ఆకుల కొనలు చుట్టుకోవడం మొదలైంది.

నేను లెక్క వేశాను. నాలుగో బోరు లేకపోతే పారబోయడం దాదాపు ఆపేయాలి. టవరు నీళ్లు ఎంత చిక్కనవుతాయి, గొట్టాల్లో పొర ఎంత త్వరగా కడుతుంది, కరెంటు ఎంత తగ్గుతుంది అన్నీ వరసగా రాసి, క్యాంటీన్లో ఇన్‌ఛార్జి ముందు పెట్టాను. లోడు, అంటే మేం లైనులోకి పంపే కరెంటు, తగ్గితే జవాబు చెప్పాల్సింది ఆయన. నేను కాదు.

"ఎన్ని మెగావాట్లు?"

"మొదట ఒకటి. పోనుపోను రెండు. తర్వాత ప్లాంటు ఆపి గొట్టాలు కడగాలి."

"ఎండాకాలం. సాయంత్రం లోడు తగ్గితే ఊళ్లో ఎక్కడో ఒక చోట పీకుతారు. మీ ఒర్లియంపేటే కావచ్చు."

"కావచ్చు."

"ఒక్క పొలం కోసం."

"ఒక్క పొలమే."

"ఇవాళ ఆమెకిస్తే రేపు ఇంకొకరొస్తారు."

ఆ రేపటి లెక్క నా కాగితంలో వేయలేదు. ఆయన ఇడ్లీ తినడం ఆపి, గ్లాసులో నీళ్లు చూస్తూ కూర్చున్నాడు.

"మా వీధిలో చేతిపంపు ఉంది" అన్నాడు. "నేను స్కూలుకు పోయే రోజుల్లో తియ్యగా ఉండేది. ఒక వేసవిలో అమ్మ కాఫీ పెట్టింది. పాలు విరిగాయి. పాలవాణ్ణి తిట్టింది. మర్నాడు వేరే పాలు తెచ్చింది, అవీ విరిగాయి. అప్పుడు తెలిసింది, పాలు కాదు నీళ్లు అని. సముద్రం లోపలికొచ్చేసింది. ఎవరు ఎంత తోడితే వచ్చిందో మాకు తెలియదు. వచ్చి చెప్పినవాళ్లూ లేరు." కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు. "నీ చేతిరాత బాగాలేదు" అన్నాడు.

మర్నాడు ఉదయం షిఫ్టులోకి రాగానే ఆయన నన్ను పిలిచి, మీటరు తీసుకుని నాలుగో బోరు దగ్గరికి రా అన్నాడు. ఆమెకు నన్నే ఫోన్ చేయమన్నాడు. మేనేజరుకు తనే చేశాడు. "సార్, నాలుగో బోరు వాల్వు మారుస్తున్నాను. చూడాలనుకుంటే రండి" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. రెండింటికీ తేడా ఉందని ఆ ఫోను పక్కన నిలబడి నేర్చుకున్నాను.

ముందుగా చెప్పిన అయిదుగురం అలా చేరాం.

పని వరస ఇది. ముందు పక్క గొట్టం వాల్వు తెరవాలి, ఆ తర్వాతే ప్లాంటు వైపు మూయాలి. తిరగేస్తే మోటారుకు నీళ్లు పోయే దారి ఉండదు. కానీ పక్క వాల్వు చక్రం తుప్పుతో బిగుసుకుపోయింది. ఇన్‌ఛార్జి చేతులతో ప్రయత్నించాడు, కదల్లేదు. నేను ముందుకు వెళ్తే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆగు. ఆయప్పే తిప్పాల" అంటూ ఇన్‌ఛార్జిని చూపించింది.

ఆయన రెంచి తగిలించి, ఒంటి బరువంతా వేసి వేలాడాడు. రెంచి జారి మోకాలికి తగిలింది. కూర్చుండిపోయాడు. మరిది గట్టు మీదినుంచి, "వదినా, ఇనుము కూడా అనుమతి కోసం చూస్తా ఉండాది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. కాసేపు చూసి, కిందికి దిగి, తన మోటారు షెడ్డులోంచి గ్రీజు డబ్బా తెచ్చి వాల్వు దగ్గర పెట్టి మళ్లీ గట్టెక్కాడు.

గ్రీజు పట్టించి, కాసేపు ఆగి, ఇన్‌ఛార్జి మళ్లీ రెంచి వేశాడు. చక్రం కీచుమని ఇంచు కదిలింది. ఇంకో ఇంచు. పక్క గొట్టంలోంచి ముందు ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చాయి, తర్వాత తేటగా. నేను మీటరు ముంచాను, బాగున్నాయి. ఆయన ప్లాంటు వైపు వాల్వు దగ్గరికి వెళ్లి చక్రం మీద రెండు చేతులూ పెట్టాడు. పెట్టి, తల తిప్పి జీపు వైపు చూశాడు.

మేనేజరు చేతిలో ఫోను ఉంది. ఆయన వద్దని అనొచ్చు. ఒక్క మాట చాలు. ఆయన దిగలేదు, మాట్లాడలేదు. అద్దం మాత్రం దించాడు. బాగా కనబడడానికి దించాడా, ఉక్కపోసి దించాడా, ఆ రోజు నాకు తెలియలేదు.

ఇన్‌ఛార్జి చక్రం మూసేశాడు.

ఆమె పార భుజానేసుకుని కాలువ వెంట నడిచింది. ఎండిన కాలువ మొదట నీళ్లు పీల్చేసుకుంది. చాలాసేపు ఏమీ పారలేదు. తర్వాత మెల్లగా మొదటి మడిలోకి, అక్కడినుంచి రెండో దానిలోకి. ఇన్‌ఛార్జి గట్టు మీద నిలబడ్డాడు. ఆ పద్ధతి నేను ఆయనకు ముందే చెప్పి ఉన్నాను. ఎండెక్కింది. కంట్రోలు రూము నుంచి వాకీటాకీలో పిలుస్తున్నారు, ఇక్కడినుంచే జవాబు చెప్తున్నాడు. మోకాలు వాచింది. కూర్చోమని మరిది కూడా అన్నాడు. కూర్చోలేదు. కడ మడిలో నీళ్లు మెరిసి, ఆమె అక్కడినుంచి పార పైకెత్తి చూపించాక, కుంటుకుంటూ జీపు వెనక సీటులో ఎక్కాడు. మేనేజరు అప్పటిదాకా అక్కడే ఉన్నాడు.

పంట పాలు పోసుకునేదాకా రోజూ ఇదే పని. సెలవు రోజున కూడా ఆయనే వచ్చి తిప్పాడు.

మిగతావి నేను రాసినట్టే జరిగాయి. టవరు నీళ్లు చిక్కబడ్డాయి, గొట్టాలు పొర కట్టాయి, లోడు తగ్గింది. ఊళ్లో సాయంత్రాలు వంతుల మీద కరెంటు పీకారు. మా వీధి వంతు వచ్చిన రోజు అమ్మ విసనకర్ర ఊపుకుంటూ, "కరెంటు చేసే వాణ్ణి కని పెంచినా, ఒక ఫ్యాను తిరిగేదానికి లేదు" అంది. నేను విసనకర్ర అందుకుని ఊపాను. మరిది చెరకు సగం ఎండింది. నాలుగో బోరు నీళ్లు ఆయన నేలకు ఎక్కవు, అది మెరక. ఆయన గేటు దగ్గరికి రాలేదు, అడగలేదు. పొట్ట మీదున్న పైరుకు ముందు, చెరకుకు తర్వాత అన్నది వాళ్ల పద్ధతిలో ఉన్నదే. కానీ ఆ తర్వాత ఇవ్వడానికి మా దగ్గర నీళ్లు మిగల్లేదు. ఒకరికి న్యాయం చేశామని చెప్పుకునే ప్రతిసారీ ఆ చెరకు కూడా చెప్పాలని నా నియమం.

ప్లాంటు ఆపి గొట్టాలు కడిగాం. పై ఆఫీసు ఇన్‌ఛార్జిని వివరణ అడిగింది. కంట్రోలు రూము నుంచి తీసి స్టోర్సులో వేసింది. ఉద్యోగమే పోయేది. మేనేజరు తన వివరణలో, ఇదంతా నా కళ్లెదుట జరిగింది, నేను ఆపలేదు అని రాశాడట, అందుకే నిలిచింది. జీపు అద్దం ఎందుకు దించాడో నాకు అప్పుడు తెలిసింది. ఇన్‌ఛార్జి కొన్ని రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు.

కోత అయ్యాక, నూర్చిన రోజు ఆమె సంచి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. సంచిలో ఒక మరక్కా, అంటే కుంచం లాంటి కొలతతో, కొత్త వడ్లు. వంతు ఇచ్చినవాడికి, మూటలు కట్టకముందే కళ్లంలోంచి ఒక మరక్కా తీసి ఇవ్వాలట.

"నాకియ్యత్తా, ఆయనకిస్తా" అన్నాను.

"నీకెందుకిస్తా? ఆ చెయ్యి యాడ ఉంటే నేనాడికి పోవాల."

"మూటలెన్ని వచ్చినాయి?"

"ఇంకా కట్టలా. మరిది కడతా ఉండాడు. లెక్క ఆయనదే, పన్నెండని మాట ఆయనకిచ్చింది గదా." నేల చూస్తూ అంది. "కింది రెండు మళ్లలో తాలెక్కువుండాది. ముందే దెబ్బ తినేసినాయి."

ఇద్దరం విల్లియనూరు నుంచి బస్సెక్కి, బస్టాండులో మారి సోలై నగర్ వెళ్లాం. దారంతా ఆమె సంచి ఒళ్లోంచి దించలేదు. ఆ ఇంటి ముందు చేతిపంపు ఉంది. ఆమె అలవాటుగా దానితో కాళ్లు కడుక్కుని, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఇన్‌ఛార్జి ముఖంలోకి చూసింది. ఆయన రెండు చేతులూ చాపితే అందులో మొదటి దోసెడు పోసింది, మిగిలింది వాళ్ల అమ్మ చాట తెచ్చి పట్టుకుంది. ఆ ముసలామె లోపలికి పోయి ఎండుచేపల పొట్లం తెచ్చి ఈమె సంచిలో పెట్టింది. "ఉప్పు ఎక్కువే ఉంటుంది, కడిగి వండుకో" అంది. "మాకు అలవాటే" అంది ఈమె.

కొన్న క్యాను నీళ్లతో పెట్టిన కాఫీ తాగుతుండగా నా ఫోను మోగింది. మరిది. ఆమె గ్లాసు కింద పెట్టింది. ఇన్‌ఛార్జి కూడా.

"వదిన పక్కనుండాదా సారూ?" అన్నాడు.

"ఉండాది."

మూటలు కుట్టే దబ్బనం ఎవరినో అడిగాడు. తర్వాత అంకె చెప్పి పెట్టేశాడు.

వాళ్లు ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. నేను ఫోను జేబులో పెట్టుకుని, అది తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి చెప్పాను.

పదమూడు.